విపణి ధరకి పెళ్ళి సెలవు

మార్చి నెల వచ్చేసరికి ప్రభుత్వ కార్యాలయాలకి చదువు మీద ఎక్కడలేని మమకారం పుట్టుకొస్తుంది. శిక్షణ పద్దు కింద వచ్చిన డబ్బు ముప్పై ఒకటో తారీకులోగా ఖర్చు కాకపోతే వెనక్కి పోతుంది. ఒకసారి వెనక్కి పోయిన డబ్బు మరుసటి ఏడు రాదు. అంచేత మార్చిలో మేం ఏదో ఒకటి నేర్చుకుని తీరాలి. ఏం నేర్చుకున్నామని అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

మాది ప్రాంతీయ సమన్వయ కార్యాలయం. గోదావరి ఒడ్డున పాత మేడలో ఉంటుంది. ఏ శాఖకీ ఏ శాఖకీ మధ్య సమన్వయం చెయ్యాలో ఇరవై రెండేళ్ళ కిందట ఉత్తర్వుల్లో వివరంగా రాశారట గాని, ఆ ఉత్తర్వుల రెండో పేజీ మాకు చేరలేదు. అయినా నలభై ఇద్దరం రోజూ పదిన్నరకి వచ్చి, సంతకాలు పెట్టి, మొదటి పేజీ ప్రకారం పనిచేసి, సాయంత్రం ఇళ్ళకి పోతూ ఉంటాం. నా పేరు పులపర్తి సోమేశం. జూనియర్ అసిస్టెంటుని. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు. ఇది నా పెళ్ళి కథే కాబట్టి ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను.

ఆ మార్చికి మేం అగ్నిమాపకం నేర్చేసుకున్నాం. యోగా అయిపోయింది. ఒత్తిడి నివారణ కూడా అయింది. మా దగ్గర ఒత్తిడి ఎక్కడా కనపడక, నేర్పడానికి వచ్చినాయనే కాస్త ఒత్తిడికి లోనయ్యాడు. మిగిలిన డబ్బు ఒక్క రోజు తరగతికి సరిపోతుంది. ఆ వారంలో ఖాళీగా దొరికిన శిక్షకుడు ఒక్కడే. హైదరాబాదు కుర్రాడు. అతని పాఠం పేరు 'విదేశీ మారక విపణి: కొత్తవారికి పరిచయం'. అది రెండు రోజుల పాఠం. మా పద్దులో ఒక రోజుకే ఉంది కాబట్టి మొదటి రోజుది మాత్రం చెప్పి పొమ్మన్నాం. అతను ఏదో అనబోయి, భోజనాల్లో పనసపొట్టు కూర ఉందని తెలిసి ఊరుకున్నాడు.

పాఠం మాత్రం బాగా చెప్పాడు, అబద్ధమెందుకు. దేశాల డబ్బులు ఒకదానితో ఒకటి మారే చోటు అది. ప్రపంచంలో అంత పెద్ద మార్కెట్ ఇంకొకటి లేదు. రోజుకి ఏడు లక్షల కోట్ల డాలర్ల పైమాటే చేతులు మారుతుంది. దాని గొప్పంతా లిక్విడిటీలో ఉందన్నాడు. అంటే, అమ్ముతానన్నవాడికి కొనేవాడు అప్పటికప్పుడే సిద్ధం, కొంటానన్నవాడికి అమ్మేవాడు సిద్ధం. ఎంత బేరం చేసినా ధర వెంట్రుకవాసి మించి కదలదు.

మా సీనియర్ అసిస్టెంటు బంగార్రాజు చెయ్యెత్తాడు. పెసరట్టు బండివాడి దగ్గర కూడా బేరం ఆడకుండా తినడని అతనికి పేరు. "అయ్యా, అంత డబ్బు రోజూ ఎవరిక్కావాలండి?"

"నిజం చెప్పాలంటే ఎవరికీ అక్కర్లేదండి" అన్నాడు శిక్షకుడు. "సరుకులు తెచ్చుకోడానికీ, ప్రయాణాలకీ మార్చుకునేది చాలా తక్కువ. మిగతాదంతా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళడమే."

ముందు వరసలో కూర్చున్న మా ప్రాంతీయ సంచాలకులు మార్తాండరావుగారు అంతసేపూ అరమోడ్పు కళ్ళతో ఉన్నారు. ఆ మాటకి కళ్ళు పూర్తిగా తెరిచారు. ఎవరికీ అక్కర్లేని పని ప్రపంచంలోకెల్లా పెద్ద పని కాగలదని ఆయనకి అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళుగా మా కార్యాలయం వెతుక్కుంటున్న రెండో పేజీ దొరికినట్టయింది ఆయనకి.

ఉగాది వెళ్ళిన వారానికి ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, కార్యాలయమునందలి సెలవులు వినియోగములేక స్తంభించియున్నవి. ఒకరి వద్ద అధికముగను, మరొకరి వద్ద అల్పముగను గలవు. ఇట్టి అసమతుల్యతను నివారించి ద్రవ్యతను పెంపొందించు నిమిత్తము అంతర్గత సెలవు మారక విపణి స్థాపించబడినది."

ద్రవ్యత అంటే ఆ కుర్రాడు చెప్పిన లిక్విడిటీయే. సంచాలకులవారు దానికి తెలుగు చేసి, తానే కనిపెట్టినంత ప్రేమగా వాడేవారు. పైఆఫీసు అనుమతి కోసం రాశారు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే అంగీకారంగా భావిస్తామని కూడా అందులోనే రాశారు. పైఆఫీసు పదిహేను రోజుల్లో జవాబివ్వడం చరిత్రలో లేదు.

నిజం చెప్పుకుంటే, మా దగ్గర మారకం ధర ఒకటి ముందునుంచీ ఉంది. మూడుసార్లు ఆలస్యంగా వస్తే ఒక సి.ఎల్., అంటే ఆకస్మిక సెలవు, కోత. మూడు లేట్లకి ఒక సి.ఎల్. అన్నమాట. సంచాలకులవారు ఆ మొలకని పట్టుకుని మాను చేశారు. రిటైరయ్యాక డబ్బుగా మారే ఆర్జిత సెలవు ఈ.ఎల్.ని డాలరన్నారు. డిసెంబరు ఆఖరికి ప్రాణం పోయే సి.ఎల్.ని రూపాయన్నారు. పండగల ఐచ్ఛిక సెలవులు చిన్న దేశాల నాణేలు. వినాయకచవితి దగ్గరపడితే పెరుగుతాయి, మర్నాడు పడిపోతాయి. గంట పర్మిషన్లు చిల్లర. ఎర్ర సిరా లేట్లు సైతం అమ్మకానికి వచ్చాయి. "లేటు అప్పు కదా, దాన్నెవడు కొంటాడు?" అని నేనడిగితే, "అప్పు కూడా సరుకేనోయ్! పైగా రిజిస్టర్లో చెరగని సిరాతో ఉండేది అదొక్కటే" అన్నాడు బంగార్రాజు.

పెద్ద హాల్లో బీరువాలు గోడకి జరిపి నల్లబల్ల పెట్టారు. బంగార్రాజు దాని కింద కుర్చీ వేసుకున్నాడు. నాలుగు పర్మిషన్లకి సి.ఎల్. కొనేవాడు, అయిదుకి అమ్మేవాడు. మధ్యలో మిగిలిన గంట అతనిది. ఆ గంటలన్నీ పోగేసుకుని అతను మధ్యాహ్నాలు కనపడేవాడు కాదు.

మొదటి వారం అందరం సిగ్గుపడుతూ చిన్న చిన్న బేరాలు చేశాం. రెండో వారానికి ఫైళ్ళు పక్కకి పెట్టేశాం. నెలాఖరుకి సంచాలకులవారు ఇంకో వెసులుబాటిచ్చారు. చేతిలో ఒక సెలవు చూపిస్తే పది సెలవులకి బేరమాడవచ్చు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఎవరి దగ్గరా లేని సెలవులు బల్ల మీద పుట్టుకొచ్చాయి. పొద్దున్న నేనమ్మిన ఈ.ఎల్. మధ్యాహ్నం చుట్టూ తిరిగి నా దగ్గరికే వచ్చేది. దాన్ని చూస్తే చుట్టాన్ని చూసినట్టుండేది.

జూన్‌లో ఒక రోజు సంచాలకులవారు నల్లబల్ల ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు. "నిన్నటి చలామణీ పద్దెనిమిది వందల రోజులు. అనగా ఈ కార్యాలయము ఒక్క దినములో సుమారు అయిదు సంవత్సరముల సెలవును మారకము చేసినది. రాష్ట్రములో మరే కార్యాలయమునకు ఇట్టి పరిమాణము లేదు."

అందరం చప్పట్లు కొట్టాం. అయిదేళ్ళ సెలవులు చేతులు మారిన ఆ రోజున నలభై ఇద్దరమూ ఆఫీసులోనే ఉన్నాం. ఆ మాటకొస్తే ఏప్రిల్ నుంచీ ఒక్కరూ సెలవు పెట్టలేదు. పెడితే ధర పెరిగినప్పుడు అమ్ముకోడానికి ఉండదని ఎవరి భయం వాళ్ళది. పైఆఫీసు నుంచి మెచ్చుకోలు వచ్చింది, నూరు శాతం హాజరని.

నా సంబంధం కుదిరింది ఆ రోజుల్లోనే.

అమ్మాయి పేరు ఇందుమతి. బస్సు కండక్టరు. పెళ్ళిచూపుల్లో నన్ను తలెత్తి తిన్నగా చూసి, "మీరు చెప్పిన టైముకి వస్తారా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి కారణం తర్వాత తెలిసింది. రెండేళ్ళ కిందట ఒకాయన ముహూర్తం నాడు వాయిదా కబురు పంపి, మళ్ళీ కనపడలేదట. అమ్మాయి పీటల మీద ఒక్కత్తీ కూర్చుని లేచింది.  ఎవడో చేసిన పనికి నాకు సిగ్గేసింది. ఈమెని మాత్రం ఒక్క నిమిషం కూడా కాచుకునేలా చెయ్యకూడదని అప్పుడే అనుకున్నాను.

శ్రావణంలో ఒక గురువారం, పదకొండు గంటల అయిదు నిమిషాలకి ముహూర్తం పెట్టారు. నేను అయిదు రోజుల సెలవుకి కాగితం రాసి సూపరింటెండెంట్ అనసూయమ్మగారికి ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పైకి జరిపి చదివారు.

"అమ్ముతావా, కొంటావా?"

"రెండూ కాదండి. సెలవు పెడతానండి."

"పెడతానంటే?"

"ఆఫీసుకి రానండి."

ఆవిడ గొంతు తగ్గించారు. "అంటే వాడేస్తావా బాబూ?"

"పెళ్ళండి."

"పెళ్ళైతే మాత్రం? సెలవులు వాడేసుకునే రోజులా ఇవి? ఇది నా స్థాయిలో తేలదు. అయ్యగారి దగ్గరికి నడు."

సంచాలకులవారు కాగితాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత ఎంతో దయగా మాట్లాడారు. "శ్రీ సోమేశం గారూ, మీ వివాహమునకు ఈ కార్యాలయము అభ్యంతరము తెలుపదు. కాని సెలవును వినియోగించుట అనగా విపణినుండి సరుకును శాశ్వతముగా తొలగించుటయే కదా. ఈ రోజు మీరు అయిదు తొలగించెదరు. రేపు మరొకరు. ద్రవ్యత ఏమి కావలెను?"

"సార్, సెలవు ఉన్నది పెట్టుకోడానికే కదండీ?"

"అది ప్రారంభ దశలోని అభిప్రాయము" అని ఆయన చిరునవ్వు నవ్వారు. "మీ సెలవులను అమ్మండి. తిరిగి కొనండి. ఎన్నిసార్లయినను అభ్యంతరము లేదు. అంతటి సౌలభ్యము ఉండగా వాడుకొనవలసిన అవసరమేమి?"

"పీటల మీద కూర్చోవాలి కదండీ!"

"అది వినియోగము" అన్నారాయన, నేనేదో చెడ్డ అలవాటు ఒప్పుకున్నట్టు. అనుమతి లేకుండా మానేస్తే గైరుహాజరనీ, గైరుహాజరైతే సర్వీసు తెగుతుందనీ కూడా గుర్తుచేశారు. వాళ్ళు పిల్లనిస్తున్నది నా ఉద్యోగం చూసి. ఉద్యోగం ఉంటేనే పెళ్ళి, పెళ్ళికి పోతే ఉద్యోగం ఉండదు. గుమ్మం దగ్గర ఈ లెక్క వేసుకుంటూ నిలబడిపోయిన నన్ను చూసి ఆయన మనసు కరిగింది.

"ఒక ప్రత్యేక ఏర్పాటు గావించెదను. ముహూర్తము నాటి ఉదయము విపణి తెరవగనే, ఆనాడు వాడుకొనదగిన సెలవులు అయిదింటిని విడుదల చేసెదము. మీరును విపణి ధరకు ఒకటి కొనుక్కొనవచ్చును. పక్షపాతమునకు తావు లేదు."

"పదిన్నరకాండి? పదకొండూ అయిదుకి ముహూర్తమండి."

"అందుకేనయ్యా ద్రవ్యత అన్నది!" అన్నారాయన. "క్షణములో కొనవచ్చును."

సాయంత్రం బస్టాండుకి వెళ్ళాను. ఇందుమతి డ్యూటీ దిగి, బెంచీ మీద కూర్చుని చిల్లర సర్దుకుంటోంది. సంగతంతా చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డురాకుండా విన్నది.

"నేను మా డిపో మేనేజరుగారిని ఆరు రోజులు అడిగానండి. శుభం అని సంతకం పెట్టారు. మీ ఆఫీసులో సెలవులు లేవా?"

"బోలెడున్నాయి. రాష్ట్రంలో ఇంకెక్కడా అన్ని లేవు."

"మరి?"

"పెట్టుకోడానికి లేవు."

ఆవిడ సంచీ జిప్పు లాగి నా వంక చూసింది. "లేని బస్సుకి టిక్కెట్లు కొడుతున్నారన్నమాట. సరేనండి, మీ ఆఫీసు గొడవ మీది. నేను చెప్పేది ఒక్కటే. పదకొండూ అయిదుకి నేను పీటల మీద ఉంటాను. పదకొండూ ఆరుకి ఉండను. ఇంకోసారి ఒక్కదాన్నీ కూర్చుని లేవడం నావల్ల కాదండి."  సంచీ భుజానికి తగిలించుకుంది.  వస్తానన్నాను.

మర్నాడు ఆఫీసులో శుభలేఖలు పంచాను. అక్కడే తప్పు చేశానని తర్వాత తెలిసింది గాని, పంచకపోతే ఎలా? మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి పెళ్ళయినా అందరూ కలిసి ఒక బస్సు మాట్లాడుకుని వెళ్ళాలి. అందరూ కలిసి ఒక గోడ గడియారం చదివించాలి. అలా వెళ్ళి నాలుగు నెలలైంది. కార్డు చూడగానే అందరి మొహాలూ వెలిగాయి. వంట ఎవరిదని బంగార్రాజు అడిగాడు. ఫలానా వారిదని చెప్పగానే, "బూరెలు వేస్తాడు!" అని హాలంతటికీ ప్రకటించాడు.

ఆ అయిదు సెలవుల మీద నాతోబాటు ఇంకా నలభైమంది కన్ను పడిందని నాకప్పుడు తట్టలేదు.

గురువారం పొద్దున్న మంగళస్నానం చేయించి, పట్టుపంచె కట్టి, బుగ్గన చుక్క పెట్టి, నుదుట బాసికం కట్టారు. మేళంవాళ్ళు వాయించారు. అందరూ కల్యాణమంటపానికి బయల్దేరితే, నేను మా బావమరిది వరసవాడి స్కూటరు మీద ఆఫీసుకి బయల్దేరాను. దారిలో జనం ఆగి చూశారు. ఆఫీసు గేటు దగ్గర మాట్లాడుకున్న బస్సు అప్పటికే నిలబడి ఉంది.

హాల్లోకి వెళ్తే పట్టుచీరలూ, గంజిపంచెలూ, మల్లెపూల వాసనా. నలభైమందీ పెళ్ళిబట్టల్లో నల్లబల్ల ముందు తోసుకుంటున్నారు. ఎవరూ ఇంకా హాజరు పట్టీలో సంతకం పెట్టలేదు. కొనగలిగితే సెలవు, కొనలేకపోతే సంతకం అని చూస్తున్నారు.

పదిన్నరకి సంచాలకులవారు గంట కొట్టారు. "నేటి వినియోగ యోగ్యమైన అయిదు సెలవులు విడుదల!"

గంట మోత ఆగేలోగా అయిదూ అయిపోయాయి. రెండు అనసూయమ్మగారివి, ఒకటి ఆవిడకీ, ఒకటి ఆవిడ ఆడపడుచుకీ. ఆడపడుచుగారు మా ఆఫీసు కాదు, అయినా కొనేశారు. మిగతా మూడూ బంగార్రాజువి.

"బంగార్రాజుగారూ, ఒకటి ఇవ్వండి" అన్నాను.

"ఏంటి ధర?"

"మీ ఇష్టం. పది ఈ.ఎల్.లు."

"పన్నెండు!" వెనకనుంచి ఎవరో అరిచారు.

"పదిహేను!"

నేను వెనక్కి తిరిగాను. "ఏమండీ, ఇది నా పెళ్ళండీ!"

"మేం వచ్చేదీ నీ పెళ్ళికే కదా సోమేశం!" పాట పెంచినాయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మేం రావద్దా? ఇరవై!"

నా దగ్గరున్న సమస్తం పాడాను. నా రిటైర్మెంటు దాకా వచ్చే ఈ.ఎల్.లన్నీ పాడాను. నా మీద నా అతిథులు పాడారు. బల్ల మీద అంకె చెరిపి రాసీ చెరిపి రాసీ సుద్దముక్క అరిగిపోయింది. ధర యాభై దాటింది, వంద దాటింది. బేరం మాత్రం ఒక్కటీ తెగలేదు. బంగార్రాజు మూడు సెలవులూ జేబులో పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు.

"అమ్మవయ్యా!" అన్నారు సంచాలకులవారు.

"ఎలా అమ్మనండి? నేనూ, మా ఆవిడా, మా అత్తగారూ వెళ్ళాలి కదండీ. బూరెలండి."

సంచాలకులవారికి చెమట పట్టింది. "నిన్న రెండు వేల రోజులు చలామణీ అయిన విపణి! నేడు ఒక్క లావాదేవీ లేదా? ద్రవ్యత ఎక్కడకు పోయినది?"

"ఎక్కడికీ పోలేదండి. ఇన్నాళ్ళూ ఎవరికీ అక్కర్లేదండి, అంచేత బోలెడుండేదండి. ఇవాళ అందరికీ కావాలండి" అన్నాడు బంగార్రాజు.

పదీ నలభై అయింది. నేను గోడ గడియారం వంక చూస్తున్నాను. పీటల మీద ఆవిడ ఒక్కత్తీ కూర్చుని ఉంటుందన్న ఊహ నన్ను నిలవనివ్వలేదు. ఉద్యోగం పోతే పోయింది, పరిగెత్తేద్దామని పంచె ఎగ్గట్టాను కూడా. ఆ సమయానికి సంచాలకులవారు హైదరాబాదు కుర్రాడికి ఫోను చేశారు. స్పీకరు పెట్టారు.

"ద్రవ్యత అదృశ్యమైనది! నీవు చెప్పలేదేమి?"

"చెప్పాల్సిందేనండి" అన్నాడతను అవతలనుంచి. "అందరూ ఒకే వైపు పరిగెత్తితే ఎంత పెద్ద మార్కెట్టయినా ఎండిపోతుందండి. అది రెండో రోజు పాఠమండి. మీ పద్దులో ఒక రోజుకే ఉందన్నారు కదండీ."

సంచాలకులవారు ఫోను పెట్టేసి నెలవారీ గ్రాఫు వంక చూశారు. ఏప్రిల్ నుంచీ కొండెక్కుతున్న గీత. ఈ పూట దాని పక్కన సున్నా రాయాలి. సున్నా రాస్తే గీత లోయలో పడుతుంది, గీతతోబాటు ఆయన పదోన్నతీ పడుతుంది. కొంచెంసేపు ఆలోచించి తలెత్తారు. మనిషి అంత తేజస్సుతో వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"విపణి తెరచియుండి లావాదేవీలు లేనిచో సున్నా. విపణి మూసియున్నచో సున్నా కాదు, అడ్డగీత. కావున నేటికి విపణి బంద్. హాలుకు తాళము వేయుడు!"

అందరం బయటికొచ్చాం. పెద్ద తాళం పడింది. అప్పుడు అనసూయమ్మగారు మెల్లిగా, "అయ్యా, హాజరు పట్టీ హాల్లోనే ఉండిపోయిందండి" అన్నారు.

"అయిననేమి?"

"సంతకం పెట్టడానికి లేదండి. ఎవరం వచ్చినట్టూ కాదండి, రానట్టూ కాదండి."

 ఆ మాటతో నలభైమందీ బస్సు వైపు పరిగెత్తారు. అందరికంటే ముందు నేను పరిగెత్తాను. స్కూటరు సంగతి కూడా మర్చిపోయి బస్సెక్కేశాను. సంచాలకులవారు జీపులో వెనకే వచ్చారు. ఆయన రావడం అధికారిక పర్యటన కిందికి వస్తుంది, ఆయనకి సెలవు అక్కర్లేదు.

బస్సు మంటపం ముందు ఆగకముందే దూకాను. పదకొండూ మూడు. ఇందుమతి తెరకి అవతల కూర్చుని, తల వంచుకుని, చేతి గడియారం చూసుకుంటోంది. నా రొప్పు వినపడి తలెత్తింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని మాట మాత్రం ఎప్పట్లాగే ఉంది. "రెండు నిమిషాలు ముందొచ్చారు" అంది. ఆ క్షణంలో నాకు ప్రపంచంలో ఏ మార్కెట్టుతోనూ పని లేదనిపించింది.

తాళి కట్టాను. తలంబ్రాలయ్యాయి. చదివింపుల దగ్గర ఇందుమతి మేనమామ మైకు పట్టుకుని కూర్చున్నాడు. మా ఆఫీసువాళ్ళు వరసగా వచ్చారు. ఆ హడావిడిలో గడియారం కొనడం ఎవరికీ గుర్తులేదట. అంచేత ఎవరికి తోచింది వాళ్ళు చదివించారు.

"అనసూయమ్మగారు... ఇరవై... ఇరవై ఈ.ఎల్.లు!" మేనమామ ఆగి, కాగితం తిప్పి చూసుకుని, అయినా మర్యాద తప్పకుండా చదివాడు. "బంగార్రాజుగారు దంపతులు, నలభై ఈ.ఎల్.లు, ఆరు పర్మిషన్లు!"

ఆడపెళ్ళివారిలో ఒకాయన పక్కవాడిని అడిగాడు. "ఈ.ఎల్.లంటే ఏంటండి, ఎకరాలా?"

"అయ్యుంటాయండి. అల్లుడు బాగా ఉన్నవాడే."

ఆఖర్ని సంచాలకులవారు స్వయంగా ఒక ఐచ్ఛిక సెలవు చదివించి, వధూవరుల జీవితం నిరంతర ద్రవ్యతతో వర్ధిల్లాలని దీవించారు. బూరెలు అందరికీ సరిపోయాయి. బంగార్రాజు రెండోసారి కూడా కూర్చున్నాడు.

రాత్రి చదివింపులు లెక్కేస్తే మూడు వందల పదకొండు రోజుల సెలవు తేలింది. ప్రాంతీయ సమన్వయ కార్యాలయంలో నా అంత ధనవంతుడు లేడు.

"రేపు సత్యనారాయణ వ్రతం. ఇద్దరం కూర్చోవాలి" అంది ఇందుమతి.

"మూడు వందల పదకొండు రోజులున్నాయి" అన్నాను.

"ఒక్కటి చూపించండి."



మర్నాడు పదిన్నరకి వెళ్ళి సంతకం పెట్టాను. సంచాలకులవారిని కలిసి ఒక్క రోజు సెలవు అడిగితే, అంత నిల్వలున్న పెద్ద మదుపరి అర్ధాంతరంగా బయటికి పోతే విపణి తట్టుకోలేదన్నారు. అదీగాక పైఆఫీసు నుంచి అభినందన వచ్చిందట. బంద్ నాడు కూడా ధర పడని విపణి అని మెచ్చుకుని, అన్ని జిల్లాలకీ వర్తింపజేస్తున్నారట.

మధ్యాహ్నం భోజనం గంటలో ఇంటికి పరిగెత్తాను. పురోహితుడు అయిదు కథలూ అరగంటలో చదివేశాడు. ఇందుమతి ప్రసాదం దొన్నెలో పెట్టి నా చేతిలో పెడుతూ, "ఎక్కండి, ఎక్కండి, టైమైపోయింది" అని కండక్టరు గొంతుతో తొందర చేసింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు వల్ల నాలుగు నిమిషాలు ఆలస్యమైంది.

అనసూయమ్మగారు నా పేరు ఎదురుగా ఎర్ర సిరాతో లేటు వేశారు. హాల్లో అడుగుపెట్టగానే బంగార్రాజు నా భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు.

"ఆ లేటు నాకు అమ్మెయ్యి. అరవై ఈ.ఎల్.లు ఇస్తాను."

"ఎందుకండీ అంత?"

"నిజంగా ఉన్నది అదొక్కటేనోయ్" అన్నాడు.